ఎక్కడికండీ పాకుతున్నారు, ఆక్టిన్ గారూ?

ఆక్టిన్ గారికి నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే గానీ, మీరు మరీ హుషారుగా ఉన్నచోట మేం కుశలంగా ఉండటం లేదు కాబట్టి ఆ మాట వదిలేస్తున్నా.

మా పెద్దమ్మకి రొమ్ములో క్యాన్సర్ గడ్డ తీసేసిన మూడేళ్లకి, స్కాన్ చూసిన డాక్టర్ గారు "వెన్నులోకి పాకిందమ్మా" అన్నారు. మంటలు పాకాయి, పుకారు పాకింది అన్నట్టు మాటవరసకి అన్నారనుకున్నా. తర్వాత చదివితే తెలిసింది, క్యాన్సర్ కణం నిజంగానే పాకుతుందట, చంటిపిల్లాడిలా ముందుకి చెయ్యి చాపి, నేలని పట్టుకుని, వెనక భాగాన్ని ఈడ్చుకుంటూ. ఆ చెయ్యి, కణాల్లో ఉండే ప్రొటీన్ అయిన మీరేనట!

కణం ముందువైపు మీ ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని దారాల్లా పెరిగి పొరని బయటికి తోస్తాయి. వెనక కోఫిలిన్ అనే మీ మేస్త్రీ పాత దారాల్ని తెంపి, అవే ముక్కల్ని మళ్లీ ముందు పనికి అందిస్తాడు. వెనక రోడ్డు తవ్వి ఆ కంకరతోనే ముందు రోడ్డు వేసే కాంట్రాక్టరు మా ఊళ్లో దొరికుంటే దండేసి ఊరేగించేవాళ్లం.

మీకు ఆర్డర్లు వేసేవాళ్లు వేరే ఉన్నారు లెండి. రో, రాక్, సీడీసీ42 అనే ప్రొటీన్లు, ఒకే ఇంటివాళ్లు. 1992లో లండన్‌లో ఆన్ రిడ్లీ, అలన్ హాల్ వాళ్లు రాక్‌ని కణంలోకి ఎక్కిస్తే అంచంతా రెపరెపలాడింది, రోని ఎక్కిస్తే లోపల మీ దారాలు మోకుల్లా బిగుసుకున్నాయి. ఆ రో వాళ్లింట్లోనే రోసీ అని ఒకడున్నాడు. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ కణాల్ని ఎలుకలకి ఎక్కించి, ఊపిరితిత్తుల దాకా బాగా చేరినవాటినే ఏరి ఏరి చూస్తే వాటిల్లో వీడు దండిగా కనిపించాడని 2000లో బయటపెట్టారు. పేరుకి తగ్గట్టే రోసిపోయాం సార్ వీడితో.

ఎవడు పొమ్మన్నా బయల్దేరడమేనా? ఎక్కినవాడెవడు, దిగేదెక్కడ అని ఒక్కసారైనా అడిగారా? పక్క కణం చెయ్యి వదలకుండా పట్టుకునే ఇ-క్యాడ్‌హెరిన్ అనే ప్రొటీన్ తగ్గిపోతే, ఇంట్లోంచి పారిపోయే పిల్లాడికి బండి తాళం ఇచ్చినట్టు మీరు రెడీ.

పోనీ దారి మూసేద్దామని చూశాం. కణాల చుట్టూ అల్లుకుని అడ్డొచ్చే కొల్లాజెన్ అనే పీచుని కత్తిరించే ఎంఎంపీ అనే ఎంజైముల్ని ఆపే మందుల్ని 1990లలో రోగులకిచ్చి చూస్తే చాలామందికి కీళ్లనొప్పులొచ్చాయి గానీ ఆశించిన ఫలితం రాలేదు. ల్యాబులో ఆ ఎంజైముల్ని ఆపితే ఏం చేశారో గుర్తుందా? కణం తన ఆకారమే మార్చుకుని, ఒళ్లు కుదించుకుని, ఉన్న సందుల్లోంచే దూరిపోయింది. కిక్కిరిసిన బస్సులో ఫుట్‌బోర్డు మీంచి లోపలికి చేరే మనిషి కూడా ఇంత సాఫీగా వెళ్లడు.

మిమ్మల్నే డ్యూటీలోంచి తీసేద్దామంటే గుండె కొట్టుకునేది మీ దారాలతోనే. తెల్ల రక్తకణం క్రిమి వెంట పడేదీ మీ కాళ్లతోనే. అమ్మ కడుపులో ఉన్నప్పుడు వీపువైపు నుంచి పాక్కుంటూ వచ్చిన కణాలే నా దవడ కట్టాయట, చర్మానికి రంగిచ్చే కణాలూ ఆ బ్యాచ్‌లోవే, మెలనోమా మొదలయ్యేదీ ఆ రంగు కణాల్లోనే. అంటే చిన్నప్పటి తిరుగుడు అలవాటు ఎవరో గుర్తు చేస్తే మళ్లీ బయల్దేరుతున్నారన్నమాట. ఇది తెలిశాక నా కోపం సగం ఎటు పోయిందో నాకే అర్థం కాలేదు, మిగతా సగం మాత్రం పెద్దమ్మ తరఫున అలాగే ఉంచుకున్నా.

మరో సంగతి. నిన్న వంకాయలు తరుగుతూ చూపుడువేలు కోసుకున్నా. గాయం అంచుల నుంచి చర్మం కణాలు మధ్యకి పాకడం మొదలయ్యే ఉంటుంది. ఆ పని మాత్రం ఆపకండి, కాస్త త్వరగా కానివ్వండి.

ఇట్లు,
ఈ ఒంటికి ఓనర్‌నని ఇన్నాళ్లూ అనుకున్నవాడు