సెనేట్ హౌస్ నవాబు మహల్ కాదు మామయ్యా

మా కుటుంబం గ్రూపులో ఈ నెలలో మూడోసారి వచ్చిన ఫార్వర్డ్ ఇది. పెట్టింది చెన్నై ట్రిప్లికేన్‌లో ఉండే మా మామయ్యే. “మెరీనా ఎదురుగా గుమ్మటాలతో కనిపించే సెనేట్ హౌస్ అసలు ఆర్కాటు నవాబు మహల్. తెల్లవాళ్లు లాక్కుని యూనివర్సిటీకి ఇచ్చారు. రంగు అద్దాలు రాణుల కోసం పెట్టినవి. లోపలికి ఎవర్నీ రానివ్వరు. తెలుగువాళ్లకి దానితో ఏ సంబంధమూ లేదు.”

నవాబు మహల్ ఉన్న మాట నిజమే. అది పక్కనే ఉన్న చేపాక్ ప్యాలెస్. ఆర్కాటు నవాబు మహమ్మద్ అలీ వాలాజా 1768లో కట్టించాడు. 1855లో ఆఖరి నవాబు వారసుడు లేకుండా పోయాక ఇంగ్లీషువాళ్ల చేతికి వెళ్లింది. ‘లాక్కున్నారు’ అన్న మాట ఏమైనా ఉంటే దానికి చెల్లుతుంది. మద్రాసు యూనివర్సిటీ వారి సెనేట్ హౌస్ కట్టడం మొదలైంది 1874లో, పూర్తయింది 1879లో. వాలాజా 1795లోనే కన్నుమూశాడు. ఆయన ఎలా కట్టిస్తాడు?

మరి రెండూ ఒక్కలా ఎందుకుంటాయి? ఫార్వర్డ్ రాసినాయన తికమక పడింది ఇక్కడే, పాపం. సెనేట్ హౌస్‌కి నమూనా గీసిన రాబర్ట్ చిషోల్మ్ అంతకుముందు అదే వీధిలో ప్రెసిడెన్సీ కాలేజీని ఇటలీ పద్ధతిలో కట్టాడు. తర్వాత మనసు పక్కనున్న ప్యాలెస్ మీదికి మళ్లింది. దాని రెండు భాగాల మధ్య గోపురం లేపింది కూడా ఆయనే. సెనేట్ హౌస్‌కి వచ్చేసరికి ఆ గుమ్మటాల పోకడకి బైజాంటిన్ (పాత తూర్పు రోమన్ సామ్రాజ్యం) తరహా కమానులు కలిపాడు. అంటే మహల్ యూనివర్సిటీ అవలేదు, యూనివర్సిటీయే మహల్‌ని చూసి వేషం వేసుకుంది.

రాణుల అద్దాలట! అక్కడ రాణులెవరూ కాపురం చెయ్యలేదు. అది పట్టాలిచ్చే సభ కోసం కట్టిన హాలు. మ్యూజియంలా రోజూ తెరిచి ఉండదు కాబట్టి పోయినేడు మేం ముందే పర్మిషన్ తీసుకుని వెళ్లాం. ఎండ అద్దాల్లోంచి దిగి గచ్చు మీద ఎర్రగా, నీలంగా పడుతుంటే మా చంటిది చెప్పులు విప్పి, ఒక్కో రంగు మీద కాలు పెట్టి “వేడిగా లేదే!” అంది. పైకి చూస్తే కప్పు నిండా రంగుల పని. మెడ పట్టేసింది, అది వేరే సంగతి.

ఇక తెలుగువాళ్ల సంబంధం. మద్రాసు విశ్వవిద్యాలయం పుట్టింది 1857లో. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వచ్చేదాకా నెల్లూరు వాడైనా, గుంటూరు వాడైనా, కడప వాడైనా బి.ఏ. చదివితే పట్టా ఇచ్చింది ఇదే. మామయ్యా, మీ హాల్లో టీవీ పైన ఫ్రేము కట్టించి పెట్టారే, మన ముత్తాతగారి 1924 నాటి పట్టా. దుమ్ము తుడిచి, దాని మీద ఏ యూనివర్సిటీ పేరుందో ఒకసారి గ్రూపులో పెట్టండి.