పులి సంగతి సరే, పత్తి ఏరే మనిషి సంగతి?

మళ్ళీ పత్తి ఏరే రోజులు వచ్చాయి. చిన్నప్పుడు ఈ రోజులంటే నాకు చాలా ఇష్టం. చేతిలో నాలుగు డబ్బులు ఆడేవి, ఇంటి ముందు పత్తి కుప్ప మీద దొర్లేవాళ్ళం. ఇప్పుడు నవంబర్ దగ్గర పడుతుందంటే నాకు టెన్షన్ మొదలవుతుంది. మాది కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలో, కాగజ్‌నగర్ వైపు అడవి అంచున ఉన్న చిన్న ఊరు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను, అమ్మ మాత్రం ఇంకా పత్తికి కూలికి వెళ్తుంది. వద్దంటే వినదు.

మా వైపు పులి వార్త ఏది వచ్చినా కింద ఒకటే కామెంట్. "పులి మన ఇంటికి రాలేదు, మనమే పులి ఇంటికి వెళ్ళాం." దాని కింద వందల లైకులు. ఈసారి చదివి ఊరుకోలేకపోయాను. అందుకే ఇంత పొడుగు పోస్ట్. ఓపిక ఉంటే చదవండి.

ముందే ఒక మాట. నేను పులికి శత్రువును కాను. మా ఊళ్ళో ఎవరూ కాదు. పెద్దపులి అనే మాటను కూడా మా పెద్దవాళ్ళు గొంతు తగ్గించి, గౌరవంగానే అంటారు. పులి మా వైపు ఎందుకు వస్తుందో కూడా మాకు తెలుసు. ప్రాణహిత నది అవతల మహారాష్ట్ర. చంద్రపూర్ జిల్లాలో తాడోబా అడవి ఉంది, అక్కడ పులులు బాగా పెరిగాయి. పిల్లపులికి రెండేళ్ళు వచ్చాయంటే తల్లిని వదిలి తన జాగా తాను వెతుక్కోవాలి. మగవైతే ఇంకా దూరం పోతాయి. పులికి ఈత బాగా వచ్చు. ప్రాణహిత దాటితే మా అడవి, మా అడవి దాటితే 2012లో టైగర్ రిజర్వ్ అయిన కవ్వాల్. అంటే మా ఊళ్ళు పులి నడిచే దారిలో ఉన్నాయి. కొన్ని దారిలో ఆగిపోయి ఇక్కడే కాపురం పెట్టాయి కూడా. ఫారెస్టు వాళ్ళు ఫాల్గుణ అని పేరు పెట్టిన ఆడపులి కాగజ్‌నగర్ అడవుల్లోనే పిల్లల్ని పెట్టి పెంచింది. అప్పుడు మేమూ గర్వంగా చెప్పుకున్నాం.

ఇక రెండో సంగతి. 2020 నవంబర్‌లో దహెగాం మండలం దిగిడలో ఒక కుర్రాణ్ణి పులి చంపింది. అదే నెల 29న పెంచికల్‌పేట మండలం కొండపల్లిలో పత్తి చేనులో ఉన్న అమ్మాయిని చంపింది. సరిగ్గా నాలుగేళ్ళకి, 2024 నవంబర్ 29న, కాగజ్‌నగర్ మండలం గన్నారంలో పత్తి ఏరుతున్న ఒక యువతి పులి దాడిలో చనిపోయింది. ఆ మర్నాడే సిర్పూర్ టీ మండలం దుబ్బగూడలో ఒక రైతు మీద పులి పడింది, ఆయన బతికాడు. అవే రోజులు. పత్తి చేనులో పోయిన ఆ ఇద్దరిలో పులి ఇంటికి వెళ్ళినవాళ్ళు ఎవరు? చేనులో పనికి వెళ్ళారు. పత్తి ఎవరైనా చేనులోనే కదా ఏరేది.

పత్తి ఏరడం చూడని వాళ్ళకి చెప్తాను. నవంబర్‌కి చెట్టు నడుము దాటి ఛాతీ దాకా వస్తుంది. నడుముకు గుడ్డ చుట్టి ఒడి కట్టుకుంటారు. రెండు సాళ్ళ మధ్య ఒక మనిషి. కింది కాయలు ముందు పగులుతాయి కాబట్టి వంగే ఏరాలి. రెండు చేతులతో చకచకా లాగి ఒడిలో వేస్తూ పోవాలి. కాయ డొప్పల అంచులు సూదుల్లా ఉంటాయి, సాయంత్రానికి అమ్మ గోళ్ళ చుట్టూ నెత్తురు చారలు కనపడతాయి. అలా వంగిన మనిషి పక్క సాలులో ఉన్న మనిషికే కనపడదు. వెనక నుంచి చూస్తే ఒక వీపు, ఆకుల్లో చిన్న కదలిక, అంతే. పులికి అది నిలబడి నడిచే మనిషిలా కనిపించదు. నాలుగు కాళ్ళ జంతువు మేస్తున్నట్టు ఉంటుంది. పులి తప్పు చేసిందని నేను అనను. కానీ ఆ వీపు మా అమ్మది.

గన్నారంలో ఆ యువతి పోయిన నెలలోనే ఇంకో పులి వార్తల్లో మారుమోగింది. జానీ అని. మహారాష్ట్ర నుంచి జోడు వెతుక్కుంటూ 300 కిలోమీటర్లు నడిచి ఆదిలాబాద్, నిర్మల్ అడవుల్లోకి వచ్చిందని టీవీల్లో, ఫోన్లలో ప్రేమకథలా చెప్పారు. జానీ, గన్నారం పులి ఒకటే అని నేను అనడం లేదు. ఒక పులి ఎంత దూరం నడిచింది, ఎందుకు నడిచింది అని దేశం మొత్తానికి తెలిసింది. అది నడిచిన దారి పక్కన చేన్లలో ఆ రోజు ఎంతమంది ఆడవాళ్ళు కూలికి పోకుండా ఇంట్లో కూర్చున్నారు, వాళ్ళ పొయ్యి ఎలా వెలిగింది అని ఎవరూ రాయలేదు. నా బాధ అక్కడ.

గన్నారం తర్వాత మా వైపు ఊళ్ళల్లో మాస్కులు పంచారు. మనిషి ముఖం బొమ్మ ఉన్న మాస్కు, తల వెనక కట్టుకోవాలి. పులి వెనక నుంచే వస్తుంది, మనిషి తన వైపే చూస్తున్నాడనుకుంటే ఆగుతుంది అని. 1986 ప్రాంతంలో బెంగాల్ వైపు సుందర్‌బన్స్ అడవుల్లో తేనెకి, కట్టెలకి అడవిలోకి వెళ్ళేవాళ్ళకి ఇలాగే ఇచ్చారు, కట్టుకున్న వాళ్ళ జోలికి పులి రాలేదని చదివాను. మంచి ఆలోచనే. ఆ సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మ ఆ మాస్కు కట్టుకుని చూపించింది. నిలబడితే ముఖం చక్కగా వెనక్కి చూస్తోంది. "ఏరి సూపియ్యి అమ్మా" అన్నాను. పెరట్లో పత్తి చెట్టు దగ్గర వంగింది. వంగగానే మాస్కు ముఖం పైకి తిరిగింది, ఆకాశం కేసి. వెనక నుంచి చూస్తే మళ్ళీ వీపే. నాకు నోట మాట రాలేదు. సుందర్‌బన్స్‌లో వాళ్ళు నిలబడి నడుస్తారు. మా వాళ్ళు పొద్దంతా వంగి ఉంటారు. మాస్కులు పంచేముందు పత్తి ఏరే ఒక్క మనిషిని పిలిచి వంగి చూపించమంటే అప్పుడే తెలిసిపోయేది.

ఇంకో సలహా, ఉదయం 10 తర్వాతే చేనుకు వెళ్ళండి, సాయంత్రం 4 లోపు ఇంటికి వచ్చేయండి అని. పులి ఎక్కువగా తిరిగేది పొద్దుటా, పొద్దు వాలాకా కాబట్టి సలహా సరైనదే. నేనూ అమ్మకు అదే చెప్తాను. కానీ పత్తికి రోజు కూలి కాదు, ఏరినంత తూకం వేసి కిలో లెక్కన ఇస్తారు. చేనుకు పోయి రావడానికి ఒక గంట పోతే మిగిలేది ఐదు గంటలు. పైగా ఎండ ముదిరాక కాయ చుట్టూ ఉన్న ఆకులు ఎండి పొడిపొడిగా రాలి పత్తికి అంటుకుంటాయి. చెత్త పత్తి అని ధర కోస్తారు, రైతు ఆ కోపం కూలీల మీద చూపిస్తాడు. మంచు ఆరీ ఆరగానే ఉండే ఆ గంటా గంటన్నరే మంచి ఏరుడు. పులి సలహా ఆ గంటనే తీసేసుకుంది. పోయిన ఆ కిలోల డబ్బులు ఎవరిస్తారు?

నేను అడగదలుచుకున్నది ఇదే. చనిపోయాక ఇచ్చే పరిహారం గురించి అందరూ మాట్లాడతారు. చనిపోకుండా ఇంట్లో కూర్చోవడానికి పరిహారం ఏది?

ఇది నా గొంతెమ్మ కోరిక అనుకోకండి. మన తెలుగు నేల మీదే దీనికి ఒక లెక్క ఉంది. సముద్రంలో చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఆపేస్తారు. ఆ రోజుల్లో పడవ కదలదు కాబట్టి ఆంధ్రప్రదేశ్‌లో మత్స్యకార కుటుంబాలకి ప్రభుత్వం భృతి ఇస్తుంది, 2025లో అది 20 వేలు. చేప పెరగాలంటే జాలరి ఇంట్లో కూర్చోవాలి, కూర్చున్న జాలరి పస్తుండకూడదు. అదే న్యాయం పులికి ఎందుకు పనికిరాదు? ఏ ఊరి పొలిమేరలో పులి తిరుగుతోందో ఫారెస్టు వాళ్ళకి జాడలు, కెమెరాల వల్ల తెలుస్తుంది. ఆ ఊరి కూలీలకి ఆ రోజులకి కూలి కట్టివ్వండి. ఏడాది పొడుగునా అడగడం లేదు. పత్తి కాలంలో, పులి ఉన్నన్ని రోజులు. పులి దేశం ఆస్తి అంటున్నాం కదా, దాని ఖర్చు మా ఊరి ఆడవాళ్ళ ఒడి మీదే పడితే ఎలా?

కబురు సంగతి కూడా చెప్పాలి. పులి వచ్చిందని అమ్మకు ఎలా తెలుస్తుంది? ఆమెది బటన్ల ఫోను. వాట్సాప్‌లో తిరిగేవి సగం ఎక్కడివో పాత వీడియోలు, నేను ఇక్కడ బెదిరిపోయి ఫోన్ చేస్తే అక్కడ వాళ్ళకి ఏమీ తెలియదు. నిజంగా జాడలు కనపడిన రోజు మాత్రం కబురు మధ్యాహ్నానికి చేరుతుంది, అప్పటికి అందరూ చేనులో ఉంటారు. పులి ఎక్కడుందో బయటికి చెబితే వేటగాళ్ళకి తెలిసిపోతుందని ఆఫీసర్లు అంటారు. ఆ భయం నిజమే, ఒప్పుకుంటాను. ఎక్కడ పడుకుందో చెప్పక్కర్లేదు. "రేపు వాగు అవతలి చేన్లకి ఎవరూ పోవద్దు" అని ముందు రోజు రాత్రి డప్పు చాటింపు వేయిస్తే చాలు. మా ఊళ్ళో చావు కబురైనా, రేషన్ బియ్యం కబురైనా డప్పుతోనే తెలుస్తుంది. పులికి మాత్రం వాట్సాప్ ఎందుకు?

ఇవన్నీ కూలీల కోసమే అడుగుతున్నానని అనుకోవద్దు, పులి కోసం కూడా. 2024 జనవరిలో కాగజ్‌నగర్ దగ్గర దరిగాం అడవిలో రెండు పులులు చనిపోయాయి. పులి చంపిన పశువు కళేబరానికి విషం పెట్టారని తేలింది. ఆ పని చేసినవాళ్ళని నేను వెనకేసుకు రాను. అది పాపం. కానీ ఆవు పోయిన మనిషి ఇంట్లో ఆ రాత్రి ఎలా ఉంటుందో నాకు తెలుసు. మా ఊళ్ళో ఒకాయన తన ఆవుకి పరిహారం కోసం ఫోటోలు, కాగితాలు పట్టుకుని ఒక ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి అలిసిపోయాడు. తిరిగిన ప్రతి రోజూ కూలి పోయింది. పులి మీద కోపం అడవిలో పుట్టదు, అలాంటి ఆఫీసు బల్లల ముందు పుడుతుంది.

2025 మేలో కవ్వాల్‌కీ తాడోబాకీ మధ్య మా జిల్లా అడవిని కన్జర్వేషన్ రిజర్వ్, అంటే వన్యప్రాణుల రక్షణ ప్రాంతం, చేస్తూ జీవో 49 వచ్చింది. ఆదివాసీ సంఘాలు బంద్ చేశాయి, జులైలో ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టింది. హైదరాబాద్‌లో నా స్నేహితులు కొందరు "మీ వాళ్ళకి అడవి అక్కర్లేదా" అని అడిగారు. అడవిలో సాగు చేసుకునే పోడు భూమికి పట్టా కోసం ఏళ్ళ తరబడి ఎదురు చూసిన మనిషికి రిజర్వ్ అన్న మాట వినపడితే ఊరు ఖాళీ చేయమంటారనే వినపడుతుంది. ముందు ఊరికి వచ్చి, కింద కూర్చుని మాట్లాడి ఉంటే అంత దూరం పోయేది కాదని నా నమ్మకం. పులి దారి ఉండాలి. ఆ దారి మా చేల గట్ల మీదుగానే పోతుంది, మమ్మల్ని అడగకుండా ఎలా గీస్తారు?

నిన్న రాత్రి అమ్మతో మాట్లాడాను. ఈ వారం మొదటి ఏరుడు మొదలైందట, పక్కూరి వాళ్ళ చేనులో. పోవద్దన్నాను.

"పులి ఉందని ఇంట్ల కూసుంటే దుకాణంల బాకీ ఎవరు కడ్తరు బిడ్డా? పదిమందిమి కలిసే పోతున్నం తియ్యి. పాటలు పాడుకుంట ఏరుతం, సప్పుడుకు అది దగ్గరికి రాదు."

"మాస్కు?"

"కట్టుకుంటున్న. వంగితే జారిపోతుందని చిన్నమ్మ దానికి నాడా కుట్టింది."

సాయంత్రం ఇంటికి రాగానే ఫోన్ చేయమన్నాను. సరే అంది. నాలుగున్నరకి చేస్తుంది. చేయకపోతే నేనే చేస్తాను. ఇప్పుడు టైం మూడూ నలభై.