‘సుప్రీంకోర్టు దాకా పోతా’ అనే మాటకు ఒక ప్లీడరు గుమస్తా లేఖ

నెల్లూరు,
సోమవారం పొద్దున, కోర్టు పిలుపులు మొదలుకాక ముందు

మహారాజశ్రీ ‘సుప్రీంకోర్టు దాకా పోతా’ గారి సముఖానికి,

ముప్పై ఏళ్ళుగా ప్లీడరు గుమస్తాగా బతుకుతున్న ఒకడు నమస్కరించి రాసుకునేది. ఉభయకుశలోపరి. నా సంగతి ఎట్టా ఉన్నా, మీరు క్షేమంగా ఉన్నారని ఇందాకే తెలిసింది. టీ అంగట్లో ఇద్దరు పెద్దమనుషులు మునక్కొమ్మ గురించి తగాదా పడుతున్నారు. చెట్టు ఒకాయనది, కొమ్మ వాలింది ఇంకొకాయన ప్రహరీ మీద. కాయలెవరివి అనేది వివాదం. రెండో గ్లాసు టీ వచ్చేలోపల మీరు వచ్చేశారు. వాళ్ళలో ఒకాయన బల్ల గుద్ది మిమ్మల్ని పలికేసరికి గ్లాసులతో పాటు నా గుండె కూడా ఒక అంగుళం ఎగిరింది. పాత పరిచయం కదా.

మా ఇంట్లో మీరు ఇరవై రెండేళ్ళు మకాం ఉన్నారు. మీకు ఊరూరా ఇళ్ళున్నాయి కాబట్టి మరిచిపోయి ఉంటారు.

మా పెదనాయన పొలానికీ ఆయన బావమరిది పొలానికీ మధ్య ఒక గట్టు ఉండేది. పెన్న కాలవ కింద మాగాణి. గట్టు వెడల్పు మూడడుగులు, దాని మీద గరిక, ఒక తాటిచెట్టు, లెక్కలేనన్ని ఎండ్రకాయ బొక్కలు. బావమరిది గట్టును అడుగున్నర మా వైపుకు జరిపాడని పెదనాయన ఫిర్యాదు. తాను జరపలేదనీ, ఎండ్రకాయలు తవ్వి తవ్వి గట్టే జారిందనీ ఆయన జవాబు. సర్వేయరు గొలుసు పట్టుకొచ్చి కొలిస్తే తగాదా మొత్తం సెంటున్నర భూమి మీద అని తేలింది. అందులో పండే మొలగొలుకుల బియ్యం మా ఇంటికి పది రోజులు కూడా రావు.

ఆ సాయంత్రం పెదనాయన కాళ్ళు కూడా కడుక్కోకుండా నడవలో నిలబడి, మీసం మీద చెయ్యి వేసి మిమ్మల్ని పలికాడు. అప్పటికింకా దావా కూడా వెయ్యలేదు. మునసబు కోర్టు గుమ్మం ఎటు వైపు ఉంటుందో తెలియని మనిషి చేత ఢిల్లీ మాట చెప్పించారు మీరు. ఆ ఘనత మీదే.

1994లో దావా పడింది. కింది కోర్టులో ఓడాం. అప్పీలు వేశాం. ఆ అప్పీలు హక్కు. సాక్ష్యమంతా మళ్ళీ మొదటి నుంచీ చూస్తారు, సర్వేయరు గొలుసుతో సహా. చూశారు, ఓడాం. ఆపైన హైకోర్టులో సెకండ్ అప్పీలు. ఇక్కడి నుంచే దారి సన్నబడుతుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 100వ సెక్షన్‌కు 1976లో చేసిన సవరణ ప్రకారం, గట్టి న్యాయప్రశ్న ఉంటేనే అక్కడ వింటారు. గట్టు ఎటు జరిగిందన్నది వాస్తవానికి సంబంధించిన సంగతి. దాన్ని న్యాయప్రశ్నగా మార్చడానికి మా ప్లీడరు గారు పడ్డ పురిటినొప్పులు నేను దగ్గరుండి చూశాను. వాయిదాల విషయంలో ఎవరినీ ఏమీ అనను. సగం మేం అడిగినవి, సగం అవతలివాళ్ళు అడిగినవి. ఒకటి మాత్రం రెండు వైపులా కలిసి అడిగాం, ఆ రోజు మా అక్క కూతురి పెళ్ళి, ఇద్దరూ పెళ్ళిపెద్దలే.

హైకోర్టులోనూ పోయింది. ఇక దావా ఖర్చు ఉండదు కదా అని ఇంట్లో ఆడవాళ్ళు వెంకటగిరి చీరలు కొనుక్కుందామని మాట్లాడుకుంటున్నారు. అప్పుడు మీరు మళ్ళీ లేచారు.

ఇక్కడ మీతో ఒక లెక్క తేల్చుకోవాలి. ‘పోతా’ అంటారే, ఆ దారి మన సొంత కాలిబాట అని మీకెవరు చెప్పారు? ఒకప్పుడు సివిల్ దావా విలువ 20 వేల రూపాయలకు తగ్గకపోతే, హైకోర్టు సర్టిఫికెట్ పుచ్చుకుని పైకి పోయే వీలు రాజ్యాంగం 133వ అధికరణలో ఉండేది. 1972లో చేసిన 30వ సవరణతో ఆ డబ్బు లెక్క తీసేశారు. ఇప్పుడు దేశం మొత్తానికి ముఖ్యమైన న్యాయప్రశ్న ఉందని, దాన్ని సుప్రీంకోర్టే తేల్చాలని హైకోర్టు సర్టిఫికెట్ ఇవ్వాలి. మా ఎండ్రకాయలకు అంత ప్రాముఖ్యం ఎవరిస్తారు? ఇక మిగిలింది 136వ అధికరణ. ప్రత్యేక అనుమతి పిటిషన్, మా భాషలో ఎస్.ఎల్.పి. అంటే గడప బయట నిలబడి ‘లోపలికి రావచ్చునా సామీ’ అని అడిగే కాయితం. హైకోర్టు తీర్పు వచ్చిన 90 రోజుల్లో అడగాలి. రమ్మంటే అది అప్పీలుగా మారి వేరే నంబరు పడుతుంది. రావద్దంటే అప్పీలు అనేది పుట్టనే లేదు.

పైగా ఈ అధికారాన్ని అరుదుగా, అసాధారణమైన సందర్భాల్లోనే వాడతామని కోర్టు పెట్టిన ఏడాదే, 1950లోనే, ప్రీతమ్ సింగ్ కేసులో చెప్పేశారు. అది హత్య కేసు. హత్య కేసులో అంత పొదుపుగా ఉన్నవాళ్ళు ఎండ్రకాయ బొక్కల దగ్గర చెయ్యి ధారాళం చేస్తారని మా పెదనాయన్ని మీరెట్టా నమ్మించారో! అక్కడ అడిగే ప్రశ్న ‘గట్టు ఎవరిది’ అని కాదు. మేం చెయ్యి పెట్టకపోతే ఘోరమైన అన్యాయం మిగిలిపోతుందా, దేశమంతటికీ తేల్చి చెప్పాల్సిన న్యాయప్రశ్న ఏదైనా ఇందులో ఉందా అని. రెంటికీ మా దగ్గరున్న జవాబు తాటిచెట్టు.

అయినా కాయితాలు కట్టాం. అక్కడ వ్యవహారమంతా ఇంగ్లీషులో, 348వ అధికరణ ప్రకారం. కాబట్టి ఇరవై రెండేళ్ళ తెలుగును ఇంగ్లీషులోకి దించాలి. అనువాదం చేసినాయన గట్టును ఒకచోట ‘బండ్’ అన్నాడు, కాలవ గట్టు దగ్గరికొచ్చేసరికి ‘బ్యాంక్’ అన్నాడు. ఢిల్లీ లాయరు ఫోన్ చేసి, ‘ఈ బ్యాంకు ఏ బ్రాంచి? దాన్ని పార్టీగా ఎందుకు చేర్చలేదు?’ అని అడిగాడు. అక్కడ కేసు దాఖలు చేసేది కూడా అడ్వొకేట్ ఆన్ రికార్డ్ అనే ఆయన మాత్రమే. ప్రత్యేక పరీక్ష పాసవ్వాలి, ఢిల్లీలో కోర్టుకు 16 కిలోమీటర్ల లోపల ఆఫీసుండాలి. నెల్లూరులో ఎంత పేరు మోసిన ప్లీడరైనా ఆ చోట సంతకం పెట్టడానికి లేదు.

ఇంకొకటి కూడా రాయాలి, లిస్ట్ ఆఫ్ డేట్స్ అని. తేదీల పట్టిక. మా తగాదా మొత్తం నాలుగు పేజీలకు వచ్చింది. పెదనాయనకు తెలుగులో చదివి వినిపించా. అంతా విని, ‘తాటిచెట్టు ఏదిరా?’ అన్నాడు. తాటిచెట్టు న్యాయప్రశ్న కాదు పెదనాయనా అన్నా. ఆయన ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

వద్దంటే వినకుండా నన్ను తోడు తీసుకుని జి.టి. ఎక్స్‌ప్రెస్ ఎక్కాడు. పెద్దమ్మ చేపల పులుసు కట్టిచ్చింది. పులుసు ఒక రాత్రి నానితేనే రుచి. దావాకీ అదే సూత్రం అని ఆయన గట్టి నమ్మకం.

కొత్త పిటిషన్లను సోమవారం, శుక్రవారం వినడం అక్కడ ఏళ్ళ నాటి ఆనవాయితీ. ఒక్కో బెంచి ముందు పదుల్లో ఉంటాయి. జడ్జీలు ముందుగానే కాయితాలు చదువుకుని వస్తారు. లాయరు ద్వారా పాసు తీసుకుని, హాల్లో వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాం. పెదనాయన ఇస్త్రీ పంచె, భుజాన కండువా. బోర్డు మీద ఎర్ర అంకెలు. మాది 41. 41 పడింది. మా లాయరు లేచి ‘మై లార్డ్స్’ అని, తర్వాతి వాక్యం సగం చేశాడు. ఇద్దరు జడ్జీల్లో ఒకాయన ఫైలు పక్కన పెడుతూ మెల్లగా ఏదో అన్నాడు. 42 పడింది.

‘ఇంకా మొదలుపెట్టలేదేందిరా?’ అని పెదనాయన నా చెవిలో అడిగాడు. అయిపోయిందని చెప్పడానికి వరండాలోకి వచ్చేదాకా నాకు నోరు రాలేదు.

కోర్టును నేను తప్పు పట్టను. 1950లో ఎనిమిది జడ్జీ పదవులతో మొదలుపెట్టి, 2019 నాటికి ఆ సంఖ్యను 34 చేశారు. ఈమధ్య పెండింగులో ఉన్న కేసులు 80 వేలు దాటాయి. అందులో మా తాటిచెట్టు పట్టలేదు, అంతే. తప్పు పట్టేది మిమ్మల్ని. చేతికొచ్చిన ఉత్తర్వులో, జోక్యం చేసుకోవడానికి తాము సుముఖంగా లేమని ఒక వాక్యం, పిటిషన్ కొట్టేశామని ఒక వాక్యం, పెండింగు దరఖాస్తులేవైనా ఉంటే అవి కూడా పరిష్కారమైనట్టే అని ఇంకో వాక్యం. మూడు వాక్యాల కాయితాన్ని పెదనాయన లామినేషన్ చేయించాడు. ఎందుకో అడగలేదు.

తమాషా ఏమంటే గెలిచినాయన కూడా మిమ్మల్ని వదల్లేదు. ‘నా గట్టును సుప్రీంకోర్టే ఖాయం చేసింది’ అని ఊరంతా చెప్పుకున్నాడు. చెయ్యలేదు మొర్రో అంటే వినడు. కారణాలు చెప్పకుండా ఎస్.ఎల్.పి. కొట్టేస్తే కింది తీర్పు సరైనదని ఆమోదించినట్టు కాదనీ, అనుమతి ఇవ్వలేదని మాత్రమే అర్థమనీ 2000 సంవత్సరంలో కున్హయమ్మద్ కేసులో అదే కోర్టు చెప్పింది. ఓడినాయనకు అక్కడ హక్కే లేదు, గెలిచినాయనకు అక్కడ గెలుపే లేదు. ఇద్దరి చేతా మీసాలు మాత్రం మెలేయించారు మీరు.

మా పెదనాయన కొడుకు 30 రోజుల్లో రివ్యూ, అంటే తీర్పు మళ్ళీ చూడమనే పిటిషన్, వేద్దామన్నాడు. అది జడ్జీల గదిలో, మామూలుగా వాదనలు లేకుండానే తేలిపోతుందని చెప్పా. రివ్యూ కూడా పోయాక వేసేది, 2002లో వచ్చిన క్యూరేటివ్ పిటిషన్ ఒకటుందట కదా అన్నాడు. వాడికి వాట్సాప్‌లో ఎవరో చెప్పారు. పెద్దమ్మ వంటింట్లోంచి చీపురుతో బయటికొచ్చింది. ఆ ప్రస్తావన అంతటితో ఆగింది.

గట్టు సంగతి చెప్పలేదు కదూ. రెండేళ్ళ తర్వాత రెండు పొలాలూ ఒకే ఆసామికి రొయ్యల గుంటలకు లీజుకిచ్చారు. పొక్లెయిన్ మూడు తవ్వులకు గట్టు లేదు, తాటిచెట్టు లేదు. ఎండ్రకాయలు ఏ కోర్టుకు పోయాయో తెలియదు. (రొయ్యల గుంటల మీద 1994లో, అంటే మా దావా పడ్డ ఏడాదే, నేరుగా సుప్రీంకోర్టులోనే వేసిన రిట్ పిటిషన్‌కు 1996 డిసెంబరులో తీర్పు వచ్చింది. అందులో మన నెల్లూరు తీరం ప్రస్తావన కూడా ఉంది. అది అప్పీలు కాదు, మెట్లు లేని దారి. ఆ తీర్పు తర్వాత 2005లో పార్లమెంటు వేరే చట్టం చేసుకోవడం ఇంకో కథ.)

ఇంతకీ ఈ లేఖ రాయడానికి కారణం మునక్కాయలు కాదు.

పోయిన నెల ఒకామె వచ్చింది. కోవూరు అవతలి పల్లె. పాలిథిన్ కవర్లో కాయితాలు, కొంగున ముడి. కొడుకు మీద హత్య కేసు. సెషన్స్ కోర్టు నిర్దోషి అని వదిలేసింది. ప్రభుత్వం అప్పీలు వేస్తే హైకోర్టు ఆ తీర్పు తిరగేసి యావజ్జీవం వేసింది. ఇప్పుడు జైల్లో ఉన్నాడు. ఆమె బల్లకు రెండడుగుల దూరంలో నిలబడి, కూర్చోమన్నా కూర్చోకుండా, ‘సామీ, దీనికి పైన ఇంకేమన్నా ఉండాదా?’ అని అడిగింది.

ఉంది. నిక్షేపంలా ఉంది. కింద విడుదలైనవాడికి హైకోర్టు ఉరిశిక్ష వేస్తే అప్పీలు హక్కని 134వ అధికరణే చెబుతుంది. యావజ్జీవమైనా, పదేళ్ళు అంతకుమించిన శిక్షయినా హక్కేనని 1970లో పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేసింది. ఎస్.ఎల్.పి. కాదు, గడప బయట నిలబడేది కాదు. సాక్ష్యాన్ని మళ్ళీ తిరగేసి చూడొచ్చు. కింది కోర్టు వదిలేసిన మనిషి విషయంలో రెండు అభిప్రాయాలకు తావుంటే ఆ విడుదలను కదిలించకూడదని 2007లో చంద్రప్ప కేసులో చెప్పారు కూడా. మా పెదనాయనకు లేని హక్కు ఆమె కొడుకుకు ఉంది. మా పెదనాయన నోట్లో ఇరవై రెండేళ్ళు కాపురం ఉన్న మీరు ఆమె నోట్లోకి ఒక్కసారీ తొంగిచూడలేదు.

‘నేను ఢిల్లీ పోవాల్నా సామీ?’ అంది. పోనక్కర్లేదమ్మా, జైలు సూపరింటెండెంటు ద్వారా కాయితం పంపొచ్చు, 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం జైల్లో ఉన్నవాడికి ఆదాయం ఎంతని అడక్కుండా ఉచితంగా లాయర్ని పెడతారు అన్నా. ‘ఎంతవుద్ది?’ అంది. ఏమీ కాదన్నా. ఆమె నమ్మలేదు. కొంగు ముడి విప్పి వంద రూపాయల నోట్లు రెండు బల్ల మీద పెట్టి, అవి ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా నా స్టాంపు ప్యాడ్ వాటి మీద పెట్టింది.

ఇవాళ తీర్పు నకలు తెస్తానంది. అందుకే నోట్లు ఇంకా ప్యాడ్ కిందే ఉన్నాయి, తిరిగివ్వాలి. గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడవుతోంది. ఆమె కాదు, మునక్కొమ్మాయన. చేతిలో ప్రహరీ ఫొటోలు, ముందు మీరు, వెనక ఆయన. రండి, కూర్చోండి. ఆయన దగ్గర ఫీజు తీసుకుంటాను.

చిత్తగించవలెను.

ఇట్లు,
మీ ఉప్పు తిని బతుకుతున్న
ప్లీడరు గుమస్తా