మహారాజశ్రీ ఇంటర్వ్యూ షెడ్యూల్ గారి దివ్యసముఖమునకు

అయ్యా,

శ్రీకాకుళం జిల్లా మందస మండలంలో, మహేంద్రగిరి కొండల కింద బడిలో పాఠాలు చెప్పుకుంటూ, మానవశాస్త్ర విద్యార్థులు వచ్చినప్పుడల్లా సవర గిరిజనుల మాటలను తెలుగు చేసిపెట్టే ఒక ఉపాధ్యాయుడు నమస్కరించి వ్రాయునది. డిగ్రీ విద్యార్థుల క్షేత్రపర్యటనలోనూ, ఎంఏ ఆఖరి సెమిస్టరు డిజర్టేషన్‌లోనూ, పీహెచ్‌డీ చేస్తున్నవారి భుజసంచిలోనూ, ఇంటింటికీ తిరిగి అడిగి నింపుకునే ప్రశ్నల పత్రమైన తమరి దర్శనభాగ్యం మాకు కలుగుతూనే ఉంది. చేతులు మారుతున్నాయి, డిగ్రీలు పెరుగుతున్నాయి, తమరు మాత్రం అవే జిరాక్సు కాగితాల మీద, ఎడమ మూల అదే స్టేప్లర్ పిన్నుతో చెక్కుచెదరకుండా వేంచేస్తున్నారు.

తమరిది సామాన్యమైన వంశం కాదు. దేశదేశాలు తిరిగే దొరలు ఎక్కడికి పోయినా ఎవరిని ఏమేమి అడగాలో 1874లో బ్రిటిష్ అసోసియేషన్ వారు ‘నోట్స్ అండ్ క్వెరీస్ ఆన్ ఆంత్రోపాలజీ’ అనే పుస్తకంగా అచ్చువేయించారు. తమరి ముత్తాత గారు వారే. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు థర్‌స్టన్ దొర జనం తలలూ ముక్కులూ కొలిపించి, రంగాచారి గారి సాయంతో 1909లో దక్షిణాది కులాలూ తెగల మీద 7 సంపుటాలు వెలువరించారు. ఆ జాతి కాలిపర్లు, అంటే కొలత పనిముట్లు, నేటికీ ప్రాక్టికల్స్ గదిలో ఉన్నాయి, విద్యార్థులు ఒకరి ముక్కు ఒకరు కొలుచుకుని రికార్డు రాసుకుంటారు. కాలిపర్ పాపం ముక్కు దగ్గర ఆగిపోయింది. తమరు వంటింట్లోకి వస్తారు.

ఈమధ్య వచ్చిన ప్రతిని కాస్త తీరికగా చూశాను. మొదటి పేజీలో తెగ పేరు దగ్గర తెల్లటి వైట్‌నర్ పూత ఉంది, దాని కింద నుంచి ‘కొండరెడ్డి’ అన్న అక్షరాలు ఇంకా తొంగిచూస్తున్నాయి, పైన నీలం ఇంకుతో ‘సవర’ అని ఉంది. అంటే తమరు గోదావరి ఏజెన్సీలో ఎవరి సిద్ధాంతవ్యాసం కోసమో జన్మించి, సీనియర్ల ద్వారా మా దాకా ప్రవహించారన్నమాట. మూడో పేజీలో ఇంట్లో ట్రాన్సిస్టర్ ఉందా, టేప్‌రికార్డర్ ఉందా అని అడుగుతారు, సెల్‌ఫోన్ ఊసే ఎత్తరు. మా ఊరి తాత ఒకాయనకు తెలుగు అంతంతమాత్రమే గానీ తమరి తెలుగు మాత్రం కంఠతా వచ్చేసింది. కుర్రవాడు సంచిలోంచి కాగితాలు తీయగానే, ‘ఏటి బాబూ, మళ్లీ అదేనా? పేరు, పిల్లలు, పోడు, అప్పు, సారా. రాసీ, రాసీ, నేను పోవాల’ అని తమరి వరుసలోనే అప్పజెప్పేస్తాడు. ఆ కుర్రవాడు దానిని ‘సమాచారదాత పూర్తి సహకారం అందించెను’ అని నమోదు చేసుకుంటాడు.

పోడు సంగతి కొంచెం వివరంగా మనవి చేయాలి. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది మొదలు, పోడు ఎంత అనే ప్రశ్నకు కొండ మీద ఒక్క జవాబు ఉండదు. అడిగినవాడు ఫారెస్టు మనిషైతే ఒక లెక్క, పట్టా ఇప్పించే మనిషైతే ఇంకొక లెక్క, ఎవరో తేలకపోతే నవ్వు. ఆ నవ్వు రాసుకోవడానికి తమరిలో గడి లేదు. ఆ తరువాత వచ్చే సగటు కమతం పట్టికలో మాత్రం దశాంశ బిందువు తరువాత రెండు అంకెలు ఉంటాయి.

ఇంతా చేసి, సిద్ధాంతవ్యాసం పద్ధతుల అధ్యాయంలో మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీ పేరు తప్పక వస్తుంది. ఆయన మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ట్రోబ్రియాండ్ దీవుల్లో జనం మధ్యనే గుడారం వేసుకుని, వారి భాష నేర్చుకుని కూర్చున్నవాడు. తమరు పలాసలో లాడ్జిలో బస చేసి సాయంత్రం బస్సు అందుకుంటారు. అంత దూరం ఎందుకు, ఈ జిల్లాలోనే పుట్టిన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవర నేర్చుకుని, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. వారికి మానవశాస్త్రంలో పట్టా లేదు, అందుకే కాబోలు అంత ఓపిక పట్టగలిగారు. పీహెచ్‌డీకి తక్కువలో తక్కువ 3 ఏళ్లు, ఎక్కువలో ఎక్కువ 6 ఏళ్లు అని యూజీసీ 2022 నిబంధనల్లో చెప్పింది. అందులో కోర్స్‌వర్కు, సినాప్సిస్, గైడు గారి సంతకాలు పోను కొండకు మిగిలేది ఎంతో తమరికే తెలియాలి. (సివిల్స్‌లో ఆప్షనల్ 500 మార్కుల కోసమే మానవశాస్త్రం పుచ్చుకున్నవారు అసలు కొండెక్కరు, ఆ మేరకు వారు మాకు ఉపకారులే.)

జేఆర్ఎఫ్ అనే పరిశోధక భృతి వచ్చినవారికి నెలకు 37,000 రూపాయలు. జీడిపిక్కలు ఏరుకునే వేసవిలో తమరు ఒక మనిషిని పూటంతా అరుగు మీద కూర్చోబెట్టి, ‘దినసరి ఆదాయం ఎంత?’ అని అడుగుతారు. ఆ పూట ఆదాయాన్ని తమరే మింగేశారన్న సంగతి ఏ నిలువు వరుసలోనూ పడదు.

చివరగా ‘గోత్రం, కులచిహ్నం’ అన్న ప్రశ్న. సవరలకు గోత్రాలు లేవు, బిరిందా అనే కుటుంబ శాఖలే ఉన్నాయి. ఈ సంగతి మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ ఏనాడో రాశారు, తమరిని మోసుకొచ్చే విద్యార్థులు పరీక్షలో కూడా రాస్తారు. అయినా గడి ఖాళీగా ఉంటే గైడు గారు ఊరుకోరట. గోత్రం లేదని నేను అనువదించి చెబితే, తమరిని పట్టుకొచ్చిన ఒక విద్యార్థిని దిగులుగా నా వంక చూసింది. లేదు అన్న మాటకు తమరిలో సంకేతం లేదు, జవాబు దొరకలేదు అనడానికి మాత్రం ఉంది, అది 99. కంప్యూటర్‌లో ఎస్‌పీఎస్‌ఎస్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌కి ఎక్కించేటప్పుడు అదే వేసుకుంటానన్నది. ఆ పట్టిక కూడా నాకు చూపించింది. మా ఊళ్లో ఇంటింటికీ గోత్రం 99, సగోత్ర వివాహాలు నూటికి నూరు పాళ్లు.

ఇట్లు,
తమరి దుబాసీ