నాచులో అక్రమ కట్టడాలు

క్రమశిక్షణకు మారుపేరు స్విట్జర్లాండ్ అని మురిసిపోయేవారంతా ఒక్కసారి అక్కడి కొండల మీది చిత్తడి నేలల్లోంచి గుప్పెడు స్ఫాగ్నమ్ నాచు తీసి, పిండి, ఆ నీటిచుక్కను సూక్ష్మదర్శినిలో చూడాలని మనవి. కనిపించేదంతా అనుమతి లేని కాలనీయే.

నివాసులు గుల్ల అమీబాలు. ఒంటికంతా ఒకటే కణం. మిల్లీమీటరులో పదో వంతు పొడవుంటే ఆ వాడలో షావుకారు కిందే లెక్క. డిఫ్లూజియా ఇసుక రేణువులు ఏరి ఒంటికి అతికించుకుంటుంది. యూగ్లిఫా తన ఒంట్లోనే సిలికా పలకలు పోతపోసి, పెంకుటింటి కప్పులా ఒకదాని మీదొకటి పేర్చుకుంటుంది. హయలోస్ఫీనియా పాపిలియో పారదర్శక గోడల మధ్య పచ్చని శైవలాలను అద్దెకు పెట్టి, వాటి దగ్గర చక్కెర వసూలు చేస్తుంది. ఇంతవరకు క్షమించవచ్చు. నెబెలాను ఎలా క్షమించడం? పక్కింటి యూగ్లిఫాను మింగి, అరిగాక మిగిలిన పలకలతో తన ఇల్లు కట్టుకుంటుంది! మన కబ్జాదారు యజమానిని కోర్టుల చుట్టూ తిప్పుతాడే గాని, తినడు గదా.

అధికారులు ఏం చేస్తున్నారంటారా? జెనీవాకు చెందిన ప్రకృతి శాస్త్రవేత్త యూజెన్ పెనార్ లెమాన్ (జెనీవా) సరస్సు పరీవాహక ప్రాంతమంతా గాలించి, ఏ గుల్ల ఏ ఆకారమో బొమ్మలతో సహా 1902లో గ్రంథమే అచ్చువేశాడు. ఒక్కదానికీ తాఖీదు ఇవ్వలేదు. రోథెన్‌థుర్మ్ చిత్తడి నేలలో సైన్యం శిక్షణ మైదానం పెడతానంటే, 1987 డిసెంబరు 6న జనం ఓట్లేసి చిత్తడి నేలల రక్షణను ఏకంగా రాజ్యాంగంలోకి ఎక్కించారు. ఓటుహక్కే లేనివారికి ఇంత పలుకుబడి ఎక్కడిదో విచారణ జరగాలి.

అసలు ప్రమాదం వేరే ఉంది. ఈ గుల్ల అమీబాల్లోనే అసులినా మస్కోరం పొడి మిట్టల్ని కోరుకుంటే, ఆర్సెల్లా డిస్కాయిడెస్ నీళ్లు నిలిచే చోటు వెతుక్కుంటుంది. చచ్చాక వాటి గుల్లలు పీట్ (చిత్తడిలో పూర్తిగా కుళ్లకుండా పేరుకుపోయే నాచు; ఎండితే మండుతుంది) పొరల్లో వేల ఏళ్లు చెక్కుచెదరవు. ఏ పొరలో ఎవరి గుల్లలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, అప్పట్లో నీటిమట్టం ఎక్కడుండేదో శాస్త్రవేత్తలు చెప్పేస్తున్నారు. లంచం తీసుకోని సాక్షి నేల కిందే ఉంటే ఏ బిల్డరుకు నిద్ర పడుతుంది?

అందుకని చిత్తడి నేలను ఎండగట్టదలచినవారు ముందుగా పీట్‌ను తవ్వి తీసేయడం క్షేమం. స్విస్ వారికి ఈ మెలకువ కొత్తేమీ కాదు. ప్రపంచ యుద్ధాల కాలంలో బొగ్గు కరువైనప్పుడు సాక్షులందరినీ పొయ్యిలో పెట్టి చలి కాచుకున్నారు.