స్క్రీనింగ్ లెక్కలో ఉన్న మహిళ చికిత్స లెక్కలో ఎందుకు లేదు?

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ స్క్రీనింగ్ అనగానే ప్రభుత్వాలు ముందు చెప్పేది ఎంతమందికి పరీక్ష చేశామన్న లెక్క. తేడా కనిపించినవారిలో ఎంతమంది మళ్లీ వచ్చారు, ఎంతమందికి చికిత్స పూర్తయింది అన్నది వెతికితే గానీ దొరకదు. ప్రాణం నిలబడేది ఆ రెండో లెక్క దగ్గరే.

ఇందుకు తమిళనాడులోనే గట్టి ఆధారం ఉంది. దిండిగల్ జిల్లాలో 2000లో మొదలైన ఒక పెద్ద అధ్యయనంలో 30 నుంచి 59 ఏళ్ల మహిళలకు శిక్షణ పొందిన నర్సులు వీఐఏ పరీక్ష చేశారు. ముఖద్వారానికి పలచని ఎసిటిక్ ఆసిడ్ రాసి, ఒక నిమిషం ఆగి, తెల్లమచ్చలు తేలాయేమో చూడటమే ఆ పరీక్ష. 31,343 మంది చేయించుకున్నారు. ఆ ఒక్క విడతతోనే క్యాన్సర్ కేసులు 25 శాతం, మరణాలు 35 శాతం తగ్గాయని 2007లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించింది. అదే నివేదికలో ఇంకో అంకె కూడా ఉంది. క్యాన్సర్‌కు ముందు దశ మార్పులు ఉన్నట్టు తేలిన 1,874 మందిలో చికిత్స అందినది 72 శాతానికే. అంటే 500 మందికి పైగా మధ్యలోనే ఆగిపోయారు. ప్రత్యేకంగా సిబ్బందిని పెట్టి, జాగ్రత్తగా నడిపిన అధ్యయనంలోనే ఇలా జరిగితే, ఓపీ రద్దీలో నడిచే మామూలు కార్యక్రమం సంగతి చెప్పాలా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెట్టిన లక్ష్యం ప్రకారం 2030 కల్లా సమస్య బయటపడినవారిలో 90 శాతానికి చికిత్స అందాలి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) చూస్తే, 30 నుంచి 49 ఏళ్ల మహిళల్లో ఎప్పుడైనా ఈ పరీక్ష చేయించుకున్నవారు దేశం మొత్తం మీద 1.9 శాతం. తమిళనాడులో 9.8 శాతం. మిగతా రాష్ట్రాలతో పోలిస్తే ఇది చాలా ముందంజ. అందుకే తిరిగి రానివారి గురించి ముందుగా మాట్లాడాల్సింది కూడా ఇక్కడే.

చెన్నైలో తెలుగువాళ్ల ఇళ్ల నుంచి ఈ విషయం చూస్తే సమస్య ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఉత్తర చెన్నైలో తరాలుగా స్థిరపడిన పారిశుధ్య కార్మికుల కుటుంబాలున్నాయి. ఇళ్లలో పనిచేసేవాళ్లు, భవన నిర్మాణానికి వచ్చినవాళ్లు ఉన్నారు. వీళ్లలో చాలామంది తమిళం గడగడా మాట్లాడతారు గానీ చదవలేరు. ఇంగ్లిష్ సంగతి సరేసరి. పరీక్షలో తేడా వచ్చిన మహిళ చేతికిచ్చిన చీటీలో ఎక్కడికి, ఎప్పుడు, ఎందుకు వెళ్లాలో రాసి ఉన్నా ఆమెకు తెలిసేది నర్సు నోటితో చెప్పిన రెండు ముక్కలే. ఆ రెండు ముక్కల్లో ‘క్యాన్సర్’ అన్న మాట వినపడితే మిగతాది చెవికెక్కదు.

ఇక్కడ భయాన్ని కొంచెం లోతుగా అర్థం చేసుకోవాలి. ‘గర్భసంచిలో ఏదో ఉందట’ అంటే మన తెలుగు ఆడవాళ్లకు వెంటనే తోచేది దాన్ని తీసేస్తారనే. దీన్ని అజ్ఞానం అని కొట్టిపారేయడం అన్యాయం. 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. అక్కకో వదినకో పిన్నికో ముప్పై అయిదేళ్లకే ఆపరేషన్ అయిపోవడం కళ్లారా చూసిన మనిషి, ఆసుపత్రి రమ్మంటే ఎందుకు వెళ్తుంది? ఈ భయాన్ని పోగొట్టాల్సిన బాధ్యత వైద్యులదే. చెప్పాల్సిన మాటలు కష్టమైనవేమీ కావు: ‘అమ్మా, పరీక్షలో తేడా వచ్చిందంటే క్యాన్సర్ ఉన్నట్టు కాదు. లెన్స్‌తో దగ్గరగా చూస్తాం, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతాం. ఇప్పుడు చూసుకుంటే గర్భసంచి తీయాల్సిన అవసరం దాదాపు రాదు.’ ఈ మాటలు తెలుగులో, కూర్చోబెట్టి, ఆమె అడిగేదాకా ఓపికగా చెప్పాలి.

వ్యాధి తీరు కూడా ఆమెను ఇంట్లోనే ఉంచేస్తుంది. ఈ క్యాన్సర్‌కు మూలమైన హెచ్‌పీవీ అనే వైరస్ చాలామందిలో ఏడాది రెండేళ్లలో దానంతటదే పోతుంది. నిలిచిపోయిన కొందరిలో అది క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదిహేను నుంచి ఇరవై ఏళ్లు పడుతుంది. ఆ కాలమంతా నొప్పి ఉండదు, రక్తస్రావం ఉండదు. ఏ బాధా లేని మనిషి ఒక రోజు కూలి వదులుకోవాలి. చెన్నైలో మామూలు సిటీ బస్సులు 2021 మే నుంచి మహిళలకు ఉచితం కాబట్టి టికెట్ ఖర్చు ఉండకపోవచ్చు. పోయేది జీతం. ముఖద్వారాన్ని లెన్స్‌తో దగ్గరగా చూసే ఆ పరీక్షను, అంటే కాల్పోస్కోపీని, వారంలో కొన్ని రోజులే చేసే ఆసుపత్రులున్నాయి, ఆ తేదీకి నెలసరి వచ్చిందంటే పరీక్ష కుదరదు. తేదీ మార్చమని ఎవరికి ఫోన్ చేయాలో ఆమెకు తెలియదు, ఆ కారణం మగవాళ్లున్న కౌంటర్లో చెప్పడానికి నోరు రాదు. అలా మానేసిన ఒక్క రోజు ఏడాదిగా మారుతుంది. రిజిస్టర్లో మాత్రం ‘రాలేదు’ అని పడుతుంది.

ఇక ఫోన్. రాసుకున్న నంబరు భర్తదో కొడుకుదో అయి ఉంటుంది. దానికి క్యాన్సర్ ఆసుపత్రి పేరుతో మెసేజ్ వస్తే ఇంట్లో ఎంత టెన్షన్! అందుకే పరీక్ష రోజే ఆమెను అడగాలి: ఏ నంబరుకు, ఏ వేళకు చేయాలి, వేరేవాళ్లు ఎత్తితే ఏం చెప్పాలి? సంక్రాంతికి నెల్లూరో శ్రీకాకుళమో వెళ్తే అక్కడ ఎవరిని కలవాలో కూడా ఆ రోజే చెప్పాలి. చెన్నైలో వచ్చిన రిపోర్టు రాష్ట్ర సరిహద్దు దాటి ఆమె వెంట రాదు.

ఇది పేదలకే పరిమితమైన సమస్య అనుకోకండి. చెన్నైలో ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డు ఆఫీసుల్లో హెల్త్ చెకప్ చేయించుకున్న ఉద్యోగినికి పాప్ స్మియర్ (ముఖద్వారం కణాల పరీక్ష) రిపోర్టు ఈమెయిల్‌లో వస్తుంది. అందులో ‘ఆస్కస్’ అని ఉంటుంది, అంటే కణాల్లో ఏదో చిన్న తేడా, ఏమిటో ఇంకా తేలలేదు అని. దాని అర్థం చెప్పేవారు లేకపోతే ఆమె కూడా గూగుల్ చూసి భయపడి, ఆ మెయిల్ మూసేస్తుంది.

మరి ఏం చేయాలి? వీలైనంత వరకు పరీక్ష, చికిత్స ఒకే రోజు అయిపోవాలి. మచ్చ మొత్తం కనిపిస్తూ, క్యాన్సర్ అనుమానం లేనప్పుడు ఆ మచ్చను వేడితో మాడ్చేసే థర్మల్ అబ్లేషన్ కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది. దీన్ని శిక్షణ పొందిన నర్సులు కూడా చేయగలరు. అక్కడ కుదరనివారికి పెద్దాసుపత్రి తప్పదు. వాళ్లకు చీటీతో పాటు ఒక మనిషిని కూడా ఇవ్వాలి: పేరు తెలిసిన ఒక నర్సు లేదా కార్యకర్త. తేదీ ఖాయం చేయడం, ముందు రోజు ఫోన్ చేయడం, రాకపోతే ఇంటికి వెళ్లడం ఆమె పని. న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో హరాల్డ్ ఫ్రీమన్ అనే సర్జన్ 1990లో రొమ్ము క్యాన్సర్ కోసం మొదలుపెట్టిన పద్ధతి ఇదే. మనకైతే అరువు తెచ్చుకోవాల్సిన పని కూడా లేదు. బీపీ, షుగర్ మాత్రలు ఇంటికే చేర్చే తమిళనాడు ప్రభుత్వ పథకం ‘మక్కళై తేడి మరుత్తువం’ 2021 ఆగస్టు నుంచి నడుస్తోంది. అదే మహిళా వాలంటీర్ల చేతికి, గోప్యత మీద శిక్షణ ఇచ్చి, తిరిగి రానివారి జాబితా కూడా అందిస్తే చాలావరకు పని అవుతుంది.

ఇప్పుడు వీఐఏ బదులు హెచ్‌పీవీ పరీక్షకు మారాలని నిపుణులు అంటున్నారు. మారాల్సిందే, అది మెరుగైన పరీక్ష, నమూనా తనే తీసుకునే వీలూ ఉంది. కానీ వీఐఏ ఫలితం అక్కడికక్కడే తెలుస్తుంది. హెచ్‌పీవీ నమూనా ల్యాబ్‌కు వెళ్తే ఫలితం తర్వాత వస్తుంది, ఆమెను మళ్లీ పిలవాలి. పిలిచే ఏర్పాటు లేకుండా కొత్త కిట్లు కొంటే మధ్యలో ఆగిపోయేవారు పెరుగుతారు. కాబట్టి కిట్ల టెండరుతో పాటే ఆ నర్సుల పోస్టులకూ డబ్బు కేటాయించాలి.

భర్తలతోనూ మాట్లాడాలి. అబ్లేషన్ తర్వాత కొన్ని వారాలు నీళ్లలాంటి స్రావం ఉంటుంది, నెల రోజులపాటు కలయికకు దూరంగా ఉండాలి. ఈ మాట భార్య చేత చెప్పించే బదులు నర్సే భర్తకు చెబితే ఆమెకు ఇంట్లో గొడవ తప్పుతుంది. అయితే ముందు ఆమె ఒప్పుకోవాలి. చికిత్స అయిన ఏడాదికి మళ్లీ పరీక్ష చేయాలి కాబట్టి, నర్సు రిజిస్టర్లో ఆమె పేరు పక్కన ఇంకో తేదీ కూడా రాసి ఉండాలి. ఆ తేదీకి ముందు మళ్లీ ఫోన్ మోగాలి.