పిల్లల్ని జీనుకు కట్టేయమనే ఆ మెసేజ్ ఇక పంపకండి

ఈ నెలలో నాకు ఆ మెసేజ్ ఐదుసార్లు వచ్చింది. "పిల్లల్ని గుర్రం ఎక్కిస్తున్నారా? ఈ ఏడు జాగ్రత్తలు తప్పనిసరి" అని మొదలై "పదిమందికి పంపండి, ఒక తల్లి కన్నీళ్లు ఆపండి" అని ముగుస్తుంది. కాలనీ గ్రూపులో వచ్చింది, స్కూల్ గ్రూపులో వచ్చింది, నిన్న మా పిన్ని కూడా పంపింది. సెలవులు కదా, ఊటీ వెళ్లేవాళ్లు, వైజాగ్ ఆర్కే బీచ్‌కి వెళ్లేవాళ్లు ఉంటారు, పంపేవాళ్లది మంచి ఉద్దేశమే. కానీ అందులో ఒక పాయింట్ పిల్లల ప్రాణం తీసేది. మా అమ్మాయి రెండేళ్లుగా హైదరాబాద్‌లో పోనీ, అంటే పొట్టి జాతి గుర్రం మీద స్వారీ నేర్చుకుంటోంది, వారానికి మూడు రోజులు పొద్దున్నే ఆ కంచె పక్కన నిలబడేది నేనే. అందుకే ఊరుకోలేక రాస్తున్నా.

చిన్నవి ముందు తేల్చేస్తాను. ఖాళీ కడుపుతో ఎక్కించొద్దట, సరే, ఇడ్లీ పెట్టి తీసుకెళ్లండి. పొద్దున పూటే ఎక్కించాలట, ఎండ లేకపోతే చాలు. ఎర్ర బట్టలు వేస్తే గుర్రం బెదురుతుందట. గుర్రానికి ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా సరిగ్గా తెలియదు. రెపరెపలాడేది ఏది చూసినా బెదురుతుంది, రంగుతో పనిలేదు.

"పోనీ చిన్నది కాబట్టి హెల్మెట్ అక్కర్లేదు" అన్నది మాత్రం చిన్న తప్పు కాదు. మా అమ్మాయి ఎక్కే పోనీ 12 హ్యాండ్స్, అంటే భుజం దగ్గర 122 సెంటీమీటర్లు. దాని మీద కూర్చుంటే పిల్ల తల నా తలకన్నా పైన ఉంటుంది. ఆ ఎత్తు నుంచి, అదీ కదులుతున్న జంతువు మీద నుంచి పడితే దెబ్బ తగలదా? స్వారీ హెల్మెట్ వేరు, సైకిల్ హెల్మెట్ వేరు, తల వెనక భాగాన్ని స్వారీ హెల్మెట్ ఇంకా కిందిదాకా కప్పుతుంది. అయినా బీచ్‌లో ఏదీ దొరకనప్పుడు ఉత్త తలకన్నా సైకిల్ హెల్మెట్ నయం.

"రికాబులో పాదం మొత్తం లోపలికి దూర్చండి, జారదు." రికాబు అంటే జీనుకి పక్కన వేలాడే, పాదం పెట్టుకునే కడియం. జారకపోవడమే అక్కడ ప్రమాదం. పిల్ల పడిపోతే పాదం బయటికి రావాలి, రాకపోతే గుర్రం ఈడ్చుకుపోతుంది. పాదం ముందు భాగం, వేళ్ల వెనక ఉబ్బెత్తుగా ఉండే చోటు, అదొక్కటే రికాబు మీద ఆనాలి, మడమ కిందికి దిగాలి. చిన్న మడమ ఉన్న బూటు ఎందుకు వేయమంటారంటే పాదం లోపలికి దూసుకుపోకుండా. చెప్పులతో ఎక్కిస్తే ఆ అడ్డు ఉండదు. ఇంకోటి, బీచ్‌లో పెద్దవాళ్ల జీను వేస్తారు, పిల్లల కాళ్లు రికాబు దాకా అందవు, అప్పుడు గుర్రం నడిపే అబ్బాయి రికాబు వేలాడే తోలు పట్టీలోకే పాదం దూర్చేస్తాడు. మా అమ్మాయికి ఐదేళ్లప్పుడు అలాగే ఎక్కించి ఫోటోలు తీసుకున్నాను, నాకు తెలియదు. ఆ తోలు పాదం చుట్టూ మెలిపడిందంటే ఇక వదలదు. అందకపోతే కాళ్లు ఊరికే వేలాడనివ్వండి, మీరు పక్కనే కాలు పట్టుకుని నడవండి.

ఇక అసలుది. "పిల్లల నడుముకి చున్నీ చుట్టి జీనుకు గట్టిగా ముడి వేయండి, కారు సీటు బెల్టు లాంటిది."

ఎవరు రాశారమ్మా ఇది? కారుకి చుట్టూ ఇనుప గోడలున్నాయి, అందుకని మనిషి లోపలే ఉండాలి. గుర్రానికి ఏమున్నాయి? గుర్రం పడితే పిల్ల దానికి దూరంగా పడాలి. రెండు వందల కిలోల పోనీ పక్కకి ఒరిగితే, దానికి కట్టేసిన పిల్ల ఎక్కడ ఉంటుందో ఒక్క క్షణం ఆలోచించారా?

పైగా జీను కూడా కదులుతుంది. పోయిన చలికాలం ఒకరోజు మామూలు ట్రైనర్ రాలేదు. వేరే అబ్బాయి లాయం దగ్గరే గర్త్, అంటే పొట్ట కింద బిగించే పట్టీ, ఒకసారి బిగించి పిల్లని ఎక్కించేశాడు. చాలా పోనీలు పట్టీ బిగించేటప్పుడు పొట్ట ఉబ్బిస్తాయి, నాలుగడుగులు వేశాక వదులు చేస్తాయి, అందుకే ఎక్కేముందు మళ్లీ చూడాలి, కాసేపు నడిపించాక ఇంకోసారి చూడాలి. అతను చూడలేదు. రెండో రౌండులో మలుపు దగ్గర జీను మొత్తం ఎడమవైపుకి తిరిగిపోయింది, మా అమ్మాయి ఇసుకలోకి జారింది, మోచెయ్యి గీరుకుంది, అంతే. పోనీ మాత్రం పొట్ట కింద వేలాడుతున్న జీనుని వెనక కాళ్లతో తన్నుకుంటూ గేటు దాకా పరిగెత్తింది. దాన్ని పట్టుకుని చూస్తే జీను అంచు తోలు చీలిపోయి ఉంది. ఆ చున్నీ ముడి ఉండుంటే ఆ తన్నులు ఎవరికి తగిలేవి? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ మెసేజ్ చూసినప్పుడల్లా ఆ జీనే కళ్ల ముందుకి వస్తోంది.

పిల్ల పట్టుకోవడానికి ఆధారం కావాలంటే పోనీ మెడ చుట్టూ ఒక తోలు పట్టీ వేస్తారు, దాన్ని పట్టుకోమనండి. భయమేస్తే పట్టుకుంటుంది, పడాల్సి వస్తే వదిలేస్తుంది. పగ్గాలైనా అంతే, చేతికి చుట్టుకోనివ్వకండి.

ఏడో పాయింట్ దగ్గర నేను తగ్గాలి. "గుర్రం చెవులు వెనక్కి అణిచిపెడితే ఆ రోజు ఎక్కించకండి." ఇదేదో శకునం గొడవ అనుకుని నవ్వాను. మా ట్రైనర్‌ని అడిగితే, నిజమేనన్నాడు. జీను వేస్తుంటే చెవులు వెనక్కి అణిచి, తోక విసురుతూ, కొరకడానికి తల తిప్పుతోందంటే చాలాసార్లు జీను కింద ఎక్కడో నొప్పి ఉన్నట్టట. అప్పుడు జీను తీయించి, వీపు మీద పుండు ఉందేమో చూడాలి. రెండేళ్లు కంచె పక్కన నిలబడ్డాను, ఒక్కసారి కూడా జీను ఎత్తించి చూడలేదు. ఇప్పుడు రోజూ చూస్తున్నాను.

పిన్నీ, మీరు వచ్చే వారం పిల్లల్ని తీసుకుని ఊటీ వెళ్తున్నారు కదా. మా అమ్మాయికి బిగుతైపోయిన హెల్మెట్ ఒకటి ఉంది, ఒక్కసారి కూడా కింద పడనిది, రేపు పంపిస్తాను. బుజ్జిగాడికి బూట్లు తొడుగు. చున్నీ మాత్రం నీ భుజం మీదే ఉంచుకో, కొంగులు ఎగరకుండా ముడి వేసుకుని.